తరుగు

ఆత్మకూరు పాత దివాణం వెనక
కిటికీల్లేని కొట్టమొకటుంది.
సగం నేల మీద, సగం నేల లోపల,
రెండు మూరల మందం గచ్చుగోడ.
ఊరోళ్లు బర్ఫుకొట్టం అంటరు.
ఇప్పుడు బర్ఫూ లేదు, మీద కప్పూ లేదు.
పోయిన వానకాలం ఎవరిదో మేక అందుల పడి
రెండు దినాలు అరిచిందట.

వనపర్తి రోడ్డు టేషన్ల
అర్ధరాత్రి బండి ఆగేది.
పట్నం కారఖానా గడ్డలు, గోనెతట్టుల చుట్టినయి,
సూడి బర్రెను దించినంత పైలంగ దించేటోళ్లు.
పొద్దు పొడవకముందే ఎడ్లబండ్లు కొట్టం చేరాలె.
దారి పొడుగునా ఎర్రమట్టి మీద ఒక తడిగీత,
గీతెంట నాక్కుంట ఊరకుక్కలు.

మా తాత కుర్మయ్య దానికి కావలి.
గడ్డకూ గడ్డకూ నడుమ జానెడు వరి ఊక,
గోడకూ గడ్డకూ నడుమ మూరెడు.
దినానికి రెండు మార్లే తలుపు తెరవాలె.
లోపలికి దీపం తేవద్దు.
చీకట్ల చేత్తోటి తడిమి చెప్పేటోడు
ఏది నిన్న దిగింది, ఏది మాఘంల దిగింది.
పాతగడ్డ గుండ్రంగ అయితదట
ముసలోళ్ల మోకాలిచిప్ప తీరు.

మాఘంల దిగింది రోహిణికార్తె దాక నిలవాలె.
రాణివారి షర్బతుకు,
రాజావారి నెత్తినొప్పికి,
కర్నూలు నుంచి వేటకొచ్చే తెల్లోళ్ల గ్లాసులకు.
మా తాత మాత్రం ఒక్క పలుకు నోట్లేసుకోలే.
పండ్లు జివ్వుమంటయి అనేటోడు.
నిజమో, భయమో.

మున్షీ దస్త్రంల మూడే గళ్లు:
వచ్చింది, ఇచ్చింది, తరుగు.
మణుగుకు ఇంతని తరుగు ఒప్పుకుంటరు,
దాటితే జీతంల కోత.
చదువు రాని మనిషి,
ఆ ఒక్క మాటను మాత్రం
రాత వంకర చూసి గుర్తుపట్టేటోడు.

కరిగింది ఎటు పోవాలె?
గోడ అడుగున ఒక మోరి.
అందులకెల్లి దారమంత ధార.
దాని కింద వాడకట్టు ఆడోళ్ల చెంబులు వరుసగ,
కొట్లాటలు, వంతులు, మళ్ల కొట్లాటలు.
ఊక వాసన నీళ్లు. గోనెపీచు తేలే నీళ్లు.
'రాజు తాగేది గడ్డ,
మనం తాగేది దాని చెమట' అని
శాయమ్మ నవ్వేదట, ముందుగాల తన చెంబు జరిపి.

ఒక ఎండకాలం జరాలొచ్చినయి.
ఇంటికొకరు పడ్డరు, తర్వాత ఇంటికిద్దరు.
మోరి కాడ చెంబులు పోయి
గుడ్డపేలికలొచ్చినయి.
లాలూబీ కొడుకు కండ్లు తేలేసిండు.
ధార మాత్రం అదే దారమంత.

ఆ రాత్రి మా తాత
గోడ పక్క ఊక నాలుగు తట్టలు తోడి
అవతల మూలకు పోసిండు.
అంతే.
గడ్డను ముట్టలే. ఒక్క పలుకు బయటికి తేలే.
పగలంత కాగిన గోడ
తన పని తాను చేసింది.
తెల్లారి మోరి కాడ
చప్పుడు వినవడ్డది.

మూడు వారాలు.
లాలూబీ కొడుకు లేచి గంజి అడిగిండు.
మా తాత బిడ్డ, మూడేండ్లది, లేవలే.

భూమి తగాదకు కాయితం ఎతుకుతుంటె
ఆ సాలు దస్త్రం నా చేతికొచ్చింది.
చెదలు తినంగ మిగిలిన కట్ట, ఉర్దూ రాత.
జహీరుద్దీన్ సారు అద్దాలు పైకి జరిపి చదివిండు:
'తరుగు, పదకొండు మణుగులు.
కారణం, కావలివాని గఫ్లత్.
కోత, రెండు హాలీ రూపాయలు.'
'గఫ్లత్ అంటే ఏంది సారూ?'
'పట్టించుకోకపోవుడు బేటా. ఏమరుపాటు.
మీ తాత పనిల జర ఢీలా ఉన్నట్టున్నడు.'
అయి ఉంటది సారూ, అన్న.

మొన్న పోయి చూసిన.
మోరి రాతి మీద ధార కోసిన గాడి
ఇంక ఉంది.
వేలు పెడితే సరిగ్గ పడుతది.
చైత్రం ఎండకు రాయి సుర్రుమంటుంది.
గాడెంట చీమలు బారుగట్టి
లోపలికే పోతున్నయి,
ఒక్కొక్కటి నోట
తెల్లటిదేదో పట్టుకొని.